2-2 చేసినా బర్మింగ్‌హామ్ పైకి ఎందుకు పోలేదు? పిల్లలకు ఎట్ల చెప్పాలి?

నమస్తే. జడ్చర్ల దగ్గర గవర్నమెంట్ స్కూల్లో పీఈటీని. సమ్మర్ క్యాంపులో 14 మంది ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఎండ ఎక్కినంక ఫోన్‌ను స్టీలు చెంబుకు ఆనించి, 2025 మే 4 నాటి బర్మింగ్‌హామ్ సిటీ, లండన్ సిటీ లయనెసెస్ మ్యాచ్ హైలైట్స్ చూపించాను. ఇంగ్లండ్ మహిళల రెండో డివిజన్‌లో ఆఖరి రోజు అది. బర్మింగ్‌హామ్ 0-2తో వెనకబడి, 2-2 చేసింది. అయినా లండన్ సిటీయే పై డివిజన్‌కు పోయింది. మా గోల్‌కీపర్ పిల్లకు ఏడుపు ఆగలేదు. "రెండు గోల్స్ కొట్టి వచ్చిన్రు కదా మేడమ్, ఇది ఓడినట్టెట్లా?" అంటుంది. మొన్న మండల పోటీల్లో మేమూ ఇట్లనే డ్రా చేసి బయటికొచ్చాం. ఏం చెప్పాలి?

జవాబు 1 (మిర్యాలగూడ)
మేడమ్, ఆ రోజుకు లండన్ సిటీ పాయింట్లలో ముందుంది. దానికి డ్రా చాలు, బర్మింగ్‌హామ్ గెలిచి తీరాలి. ఇంకొక్క గోల్ పడితే కథ మారేది. రీడింగ్ అనే జట్టు తప్పుకోవడంతో ఆ సీజన్‌లో 11 జట్లే, ఒక్కో జట్టుకు 20 మ్యాచ్‌లు. పైకి పోయేది ఒక్కటే జట్టు. రెండో స్థానానికి ఏమీ లేదు, నాకూ అదే బాధ. 2025-26 సీజన్‌లో నయం: 12 జట్లు, రెండు నేరుగా పోయేలా, మూడోది పై లీగ్‌లో అట్టడుగు జట్టుతో ఆడేలా పెట్టారు.

జవాబు 2 (నల్లగొండ)
పైకి పోయిన లండన్ సిటీ సంగతి కూడా చెప్పండి అక్కా. 2019లో మిల్‌వాల్ క్లబ్ నుంచి విడిపోయి, మగవాళ్ల క్లబ్ అండ లేకుండా నిలబడ్డ జట్టు అది. మన నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య ఇండియాకు ఆడిన సంగతి కూడా చెప్పండి, పిల్లలకు దగ్గరగా అనిపిస్తుంది.

జవాబు 3 (మిర్యాలగూడ)
ఇంకొకటి మేడమ్. ఆ ఒక్క మ్యాచే చూపిస్తే పిల్లలకు అన్యాయం అనే అనిపిస్తుంది. మిగిలిన 19లో పోయిన పాయింట్లు కూడా చూపించండి.

అడిగిన మేడమ్
పొద్దున ప్రాక్టీస్‌లో చెప్పాను. గోల్‌కీపర్ పిల్ల గ్లోవ్స్ విప్పుతూ, "అయితే మిగతా డ్రాలు ఎక్కడెక్కడో రాసియ్యండి" అంది. చార్ట్ కొన్నాను. బర్మింగ్‌హామ్ ఆ సీజన్ స్కోర్లు మొత్తం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.