భూగర్భ రైలు ధ్వనులను చిత్రంలోకి తేవడం ఎలా?

ప్రశ్న:
నగర భూగర్భ రైలు స్టేషన్లలో రికార్డు చేసిన ధ్వనుల ఆధారంగా ఒక చిత్రమాలిక గీస్తున్నాను. ధ్వనిని బొమ్మగా చూపే పటమైన స్పెక్ట్రోగ్రామ్‌కు ఉన్నదున్నట్లుగా రంగులు వేస్తే అది ప్రయోగశాల నివేదికలా కనిపిస్తోందే తప్ప, ప్లాట్‌ఫారంపై నిలబడిన అనుభూతిని ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు 1:
స్పెక్ట్రోగ్రామ్‌ను వదలకండి. అడ్డంగా కాలాన్ని, నిలువుగా పౌనఃపున్యాన్ని, వెలుగులో తీవ్రతను చూపే ఆ పటమే గీతల స్వభావాన్ని చెబుతుంది. బిగుతైన మలుపులో చక్రం పట్టాపై పట్టుకుంటూ, జారుతూ పుట్టించే కీచుధ్వని అందులో సన్నని, మెరిసే అడ్డగీతలుగా కనిపిస్తుంది. తలుపులు మూసుకునే చప్పుడు క్షణకాలపు నిలువుచారగా పడుతుంది. మొదటిదానికి సూదిమొన కలం, రెండవదానికి బొగ్గుతో ఒకే గట్టి గీత నప్పుతాయని నా నమ్మకం.

జవాబు 2:
ధ్వనులన్నింటికీ సమాన ప్రాధాన్యం ఇవ్వకూడదు. కెనడా స్వరకర్త ముర్రే షేఫర్ నేపథ్య నాదాన్ని, దృష్టిని లాగే సంకేతాన్ని, ఆ చోటికే ప్రత్యేకమైన ధ్వనిని వేరుచేసి చూశారు. గాలిపంకాల ఎడతెగని మోత కాగితమంతా పరచుకున్న లేత పూత కావాలి. ప్రకటనకు ముందు మోగే గంట దాన్ని చీల్చుకుని రావాలి.

జవాబు 3:
ప్రతినాదాన్ని మరువకండి. గట్టి గోడల మధ్య ఏ చప్పుడూ వెంటనే ఆగదు కనుక, ప్రతి గీత కుడి అంచునూ తడి కుంచెతో కాస్త సాగదీయండి.