తుపాకీ హక్కు ఉండాలా? ఉంటే ఎక్కడ ఆపాలి? (అమెరికా గురించి)

ముక్కుసూటి:
అమెరికాలో ఏ బడిలోనో కాల్పులు జరిగిన ప్రతిసారీ ఇదే తంతు. ఒకరు ఏఆర్-15 రైఫిళ్లు నిషేధించాలంటారు, ఇంకొకరు ఆయుధాలు ఉంచుకునే హక్కు చెప్పే రాజ్యాంగ రెండో సవరణ అంటారు, వారం తిరిగేసరికి అందరూ మర్చిపోతారు. ఆ వేడి లేనప్పుడే మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు లెక్క చూడండి. 2023లో అక్కడ తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 46,728. అందులో ఆత్మహత్యలే 27,300. హత్యలు సుమారు 17,900. ఆ హత్యల్లోనూ ఎక్కువ భాగం పిస్తోళ్లతో జరిగినవే, రైఫిళ్ల వాటా చాలా తక్కువ. టీవీలో రోజంతా చూపించే సామూహిక కాల్పులు ఈ మొత్తంలో చిన్న భాగం. భయంకరమైన భాగమే, కాదనను. కానీ చట్టమంతా దాని చుట్టూనే అల్లితే మిగతా చావుల సంగతేంటి?

నా వాదన ఇదీ. తుపాకీ ఉండటాన్ని నిషేధించనక్కర్లేదు. కొనేముందు లైసెన్సు తీసుకోవాలి. కొన్నాక చేతికి రావడానికి కొన్ని రోజులు ఆగాలి. ఇంట్లో తాళం వేసి పెట్టాలి. 1994 నుంచి 2004 దాకా అసాల్ట్ వెపన్ల (సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల) నిషేధం పదేళ్లు నడిచింది కదా, ఏమైంది? పాత తుపాకులూ, తూటాలు నింపే పాత మ్యాగజైన్లూ చట్టబద్ధంగానే జనం దగ్గర ఉండిపోయాయి. కంపెనీలు బయోనెట్ (తుపాకీ మొనకి పెట్టే కత్తి) తగిలించే కొక్కెం లాంటివి తీసేసి దాదాపు అదే రైఫిల్‌ని మళ్లీ అమ్ముకున్నాయి.

స్వేచ్ఛాపక్షి:
ముక్కుసూటి గారూ, లెక్కలు బాగున్నాయి కానీ మొదటి మెట్టే ఎక్కకుండా రెండోదానికి దూకారు. లైసెన్సు అంటే అనుమతి. హక్కుకి అనుమతి ఏమిటండీ? 2008 హెల్లర్ తీర్పులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది: ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం ప్రతి వ్యక్తి హక్కు, మిలీషియాలో (పౌర సైన్యంలో) ఉన్నవాడికే కాదు. 2010లో మెక్‌డొనాల్డ్ తీర్పుతో అది రాష్ట్రాలకీ వర్తించింది.

ఇక పోలీసులున్నారుగా అనేవాళ్లు 2005 నాటి కాజిల్ రాక్ కేసు చదవండి. కొలరాడోలో ఒక తల్లి దగ్గర భర్త దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు ఉంది. అతను ముగ్గురు పిల్లల్నీ తీసుకుపోయాడని ఆ రాత్రి పోలీసులకు మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది. ఎవరూ కదల్లేదు. పిల్లలు ముగ్గురూ చనిపోయారు. ఆ ఉత్తర్వును పోలీసులతో అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని సుప్రీంకోర్టు 7-2తో చెప్పింది. 2022లో టెక్సస్‌లోని ఉవాల్డే బడిలో కాల్పులు జరిగితే 376 మంది సాయుధ పోలీసు సిబ్బంది వచ్చారు. దుండగుణ్ని ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. కాపాడే పూచీ ప్రభుత్వానికి లేదు, కాపాడుకునే సాధనం మాత్రం ఆ ప్రభుత్వాన్నే అడుక్కుని తెచ్చుకోవాలా?

పిల్లకాలువ:
ఆ 376 మంది చేతుల్లో ఉన్నవీ తుపాకులే కదండీ. చెడ్డవాణ్ని ఆపేది “మంచివాడి చేతిలో తుపాకీ” అనే సిద్ధాంతానికి అంతకంటే పెద్ద పరీక్ష ఇంకేం కావాలి?

స్వేచ్ఛాపక్షి:
యూనిఫాం వేసుకున్నవాళ్ల సంగతి వేరు. 2017లో టెక్సస్‌లోని సదర్లండ్ స్ప్రింగ్స్ చర్చి దగ్గర దుండగుణ్ని ఎదిరించింది ఆ పక్కనే ఉండే ఒక మామూలు మనిషి, తన సొంత ఏఆర్-15తో. ఏడాదికి 25 లక్షల సార్లు జనం తుపాకీతో తమను తాము కాపాడుకుంటున్నారని సర్వే కూడా ఉంది. అవి వార్తల్లోకి రావు.

పాతకాపు:
సదర్లండ్ స్ప్రింగ్స్ కథ సగమే చెప్పారు. ఆ దుండగుడు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా భార్యనీ, ఆమె చిన్న కొడుకునీ కొట్టి సైనిక కోర్టులో శిక్ష పడ్డవాడు. చట్టప్రకారం వాడికి తుపాకీ అమ్మకూడదు. ఎయిర్‌ఫోర్స్ ఆ వివరాన్ని ఎఫ్‌బీఐకి పంపలేదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో (కొనేవాడి నేరచరిత్ర తనిఖీలో) పేరు తగల్లేదు, షాపువాడు అమ్మేశాడు. ఆ పక్కింటాయన ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆయన బయటికొచ్చేసరికే చర్చి లోపల జరగాల్సిన ఘోరం జరిగిపోయింది.

లెక్కలమాస్టారు:
ఆ 25 లక్షల అంకె ఎక్కడ కనబడినా నాకు చెయ్యి దురద పెడుతుంది, క్షమించాలి.

అది 1990ల్లో క్లెక్, గెర్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ఫోన్ సర్వే. అడిగింది సుమారు 5,000 మందిని. అవునన్నవాళ్లు నూటికి ఒకరు, ఆ పైన కాస్త. ఇంత అరుదైన విషయంలో చిక్కేమిటంటే, నూటికి ఒక్కరు గొప్పకోసమో, ఎప్పటి గొడవనో ఈ ఏడాదిలో కలిపేసో “అవును” అన్నా చాలు. అప్పటి దాదాపు 20 కోట్ల మంది పెద్దవాళ్లతో దాన్ని గుణిస్తే 20 లక్షలు గాల్లోంచి పుట్టుకొస్తాయి. కాదన్న తొంభై తొమ్మిది మందిలో అబద్ధం చెప్పినవాళ్లు ఆ తేడాని పూడ్చలేరు.

ప్రభుత్వం చేసే నేర బాధితుల సర్వే ప్రకారం ఈ సంఖ్య లక్షకు అటూ ఇటూ. దానికీ ఒక లోపం ఉంది. ముందు “నా మీద నేరం జరిగింది” అని చెప్పినవాళ్లనే ఆత్మరక్షణ గురించి అడుగుతుంది. తుపాకీ చూసి దొంగ పారిపోతే చాలామంది దాన్ని నేరమనే అనుకోరు. కాబట్టి అసలు సంఖ్య లక్ష కంటే ఎక్కువే ఉండొచ్చు. 25 లక్షలు మాత్రం కాదు.

కొత్తకుర్రాడు:
కత్తితో కూడా చంపొచ్చు. కత్తులు కూడా బ్యాన్ చేస్తారా బాస్?

పిల్లకాలువ:
2012 డిసెంబర్ 14న అమెరికాలోని శాండీ హుక్ బడిలో తుపాకీతో 26 మందిని చంపేశారు, 20 మంది పసిపిల్లలే. అదే రోజు చైనాలోని చెన్‌పెంగ్‌లో ఒకడు కత్తితో బడిలో పడి 23 మంది పిల్లల్ని పొడిచాడు. ఒక్కరూ చనిపోలేదు.

లెక్కలమాస్టారు:
న్యాయంగా చెప్పాలంటే 2001లో జపాన్‌లోని ఒసాకాలో కత్తి దాడికి ఎనిమిది మంది పిల్లలు బలయ్యారు. కత్తి చంపదని కాదు. అన్ని ప్రాణాలు, అంత త్వరగా, అంత దూరం నుంచి తీయలేదు.

దక్షిణాయనం:
ఆస్ట్రేలియా ఊసే ఎవరూ ఎత్తలేదేం? 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో కాల్పుల్లో 35 మంది చనిపోయారు. రెండు వారాలు తిరక్కుండానే జాన్ హోవర్డ్, అదీ కన్జర్వేటివ్ ప్రధాని, రాష్ట్రాలన్నిటినీ ఒప్పించాడు. సుమారు ఆరున్నర లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకుని ధ్వంసం చేశారు. ఇప్పుడు అక్కడ కొనాలంటే సరైన కారణం చూపాలి, ఆత్మరక్షణ ఆ కారణాల్లో లేదు. సంకల్పం ఉంటే అమెరికాకి ఎందుకు చేతకాదు?

పాతకాపు:
ఆరున్నర లక్షలు ఎక్కడ, 39 కోట్లు ఎక్కడ? స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2018లో ఇచ్చిన అంచనా అది, అమెరికాలో జనాభా కంటే తుపాకులే ఎక్కువ. ఏ తుపాకీ ఎవరి దగ్గరుందో కేంద్ర ప్రభుత్వానికి జాబితా లేదు. అలాంటి జాబితా తయారుచేయకూడదని 1986లో చట్టమే చేసుకున్నారు. ఎవరి దగ్గర ఏముందో తెలియనప్పుడు ఎవరి నుంచి వెనక్కి తీసుకుంటారు? పైగా హోవర్డ్‌కి రాజ్యాంగంలో రెండో సవరణ అడ్డం లేదు. ఆస్ట్రేలియా పేరు చెప్పి మనసుకి తృప్తి పడొచ్చు, అంతే.

నిర్వాహకుడు:
ఒకరి చదువు గురించి చేసిన వ్యాఖ్య తీసేశాను. విషయం మీదే ఉండండి.

ఇంటిపేరులేదు:
నేను ఏ పక్షమూ కాదు. అయినా లైసెన్సు అనగానే నాకు మొదట గుర్తొచ్చేది, అది ఇచ్చే కుర్చీలో ఎవరు కూర్చున్నారని.

1956లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. తుపాకీ వెంట ఉంచుకోవడానికి ఆయన పర్మిట్ అడిగాడు. ఇవ్వలేదు. ఇవ్వడం మానడం అక్కడి అధికారుల ఇష్టం మరి. ప్రాణభయానికి అంతకంటే పెద్ద రుజువున్నవాడు ఆ ఊళ్లో ఇంకొకడు ఉన్నాడా? 1967లో బ్లాక్ పాంథర్లు అనే నల్లవాళ్ల సంఘం వాళ్లు తుపాకులు పట్టుకుని ఓక్లండ్ వీధుల్లో పోలీసుల మీద కన్నేసి తిరిగారు. కాలిఫోర్నియా అదే ఏడాది మల్ఫర్డ్ చట్టం తెచ్చి అలా తిరగడాన్ని నిషేధించింది. సంతకం పెట్టింది గవర్నర్ రోనాల్డ్ రీగన్, ఆ తర్వాత తుపాకీ హక్కుల వాళ్లకి ఆరాధ్యుడైన రీగనే.

మనకి దగ్గరి సంగతి, 1878 ఆయుధ చట్టం. భారతీయుడికి లైసెన్సు, యూరోపియన్‌కి మినహాయింపు. గాంధీ అంతటివాడు బ్రిటిష్ పాలన చేసిన చెడ్డ పనుల్లో దాన్ని అన్నిటికంటే నల్లనిదిగా లెక్కగట్టాడు. (అమెరికా తుపాకీ లాబీకి ఈ మాటంటే మహా ప్రీతి. ఆయన అది రాసింది 1918లో, సైన్యంలో చేరమని జనాన్ని పిలుస్తూ వేసిన కరపత్రంలో. ఆ ముక్క మాత్రం చెప్పరు.)

ఇదంతా పాత ముచ్చట కాదు. న్యూయార్క్‌లో బయట తుపాకీ పెట్టుకోవాలంటే “తగిన కారణం” చూపాలనే చట్టాన్ని 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు కొట్టేసింది. కొట్టేయమని కోర్టుకి రాసినవాళ్లలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పేదల తరఫున వాదించే లాయర్లు కూడా ఉన్నారు. ఆ చట్టం కింద జైలుకి పోయే తమ క్లయింట్లు దాదాపు అందరూ నల్లవాళ్లు, లాటినోలేనని వాళ్ల గోడు.

ముక్కుసూటి:
ఇంటిపేరులేదు గారి పోస్టుకి జవాబు చెప్పకుండా ఈ చర్చ ముందుకు పోకూడదు. మీరు చెప్పింది అధికారి ఇష్టాయిష్టాల గురించి. నేనడిగే లైసెన్సులో అధికారికి ఇష్టం అనేది ఉండకూడదు. శిక్షణ పూర్తిచేశాడా, నేరచరిత్ర లేదా, గృహహింస ఉత్తర్వు లేదా, అంతే. ఇవన్నీ సరిపోతే ఇచ్చి తీరాలి. బ్రూయెన్ తీర్పు కూడా అలాంటి లైసెన్సుల్ని తప్పుపట్టలేదు. 2024 రహీమీ కేసులో అదే కోర్టు 8-1తో, గృహహింస ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదనే చట్టాన్ని నిలబెట్టింది.

పనిచేస్తుందా అంటే, మిస్సోరీ రాష్ట్రం చూడండి. పిస్తోలు కొనాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలనే చట్టాన్ని 2007లో ఎత్తేశారు. ఆ తర్వాత తుపాకీ హత్యలు పెరిగాయనీ, చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఆ పెరుగుదల లేదనీ జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపించారు.

కొత్తకుర్రాడు:
సరే, హత్యలకి పనికొస్తుందేమో. మీ లెక్కలో సగానికి పైగా ఆత్మహత్యలు కదా. చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు, దానికి లైసెన్సేం చేస్తుంది?

రాత్రిడ్యూటీ:
తమ్ముడూ, ఆ మాట చాలామంది అంటారు, నిజం కాదు. ఆత్మహత్యకి ప్రయత్నించి బతికినవాళ్లలో పదిలో తొమ్మిది మంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. ఆ గడ్డు గంట దాటితే మనిషి మిగులుతాడు. తుపాకీ చేతికందితే ఆ దాటే అవకాశమే దాదాపు ఉండదు.

ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న మార్పు చేసింది. వారాంతం ఇంటికెళ్లే సైనికులు రైఫిల్‌ని యూనిట్‌లోనే వదిలి వెళ్లాలి. అంతే. ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి, తగ్గినవి వారాంతంలోవే, మామూలు రోజుల్లో పెద్ద తేడా లేదు. ఎలాగైనా చచ్చేవాళ్లయితే సోమవారం చావాలిగా? కాలిఫోర్నియాలో పిస్తోలు కొన్నవాళ్ల మీద 2020లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, కొననివాళ్లతో పోలిస్తే తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ముప్పు మగవాళ్లలో దాదాపు ఎనిమిది రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు తేలింది. చావడానికే కొన్నవాళ్లు కొందరుంటారు, నిజమే. కానీ ఆ ముప్పు కొన్న మొదటి నెలతో ఆగలేదు, ఏళ్ల తరబడి ఉంది.

ఎవరి గురించైనా అలాంటి భయం ఉంటే వాళ్లతో నేరుగా మాట్లాడండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో తుపాకీ ఉంటే ముందు దాన్ని బయటికి పంపండి.

స్వేచ్ఛాపక్షి:
రాత్రిడ్యూటీ గారి మాట కాదనలేను. తాళం వేయడం మంచి అలవాటే, చట్టం చెప్పాలా వద్దా అన్నదే తగువు. వెయిటింగ్ పీరియడ్ (చేతికి రావడానికి ఆగే గడువు) దగ్గర మాత్రం నన్ను ఒప్పించలేరు. 2015లో న్యూజెర్సీలో ఒకామె మాజీ ప్రియుడి మీద రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది, ఇంటికి కెమెరాలు పెట్టించుకుంది, తుపాకీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టింది. చట్టం చెప్పిన గడువు 30 రోజులు. గడువు దాటినా పర్మిట్ రాలేదు. ఎదురుచూస్తుండగానే వాడు వచ్చి ఇంటి ముందే పొడిచి చంపాడు. మీరడిగే లైసెన్సూ, మీరడిగే ఆగడమూ రెండూ ఆమెకి ఉన్నాయి ముక్కుసూటి గారూ.

గడువు దాటితే పర్మిట్ వచ్చినట్టే అని మీ చట్టంలో రాస్తారా?

పాతకాపు:
అలా రాస్తే ఏమవుతుందో కూడా చూశాం. కేంద్ర చట్టంలో ఉన్నది అదే. షాపులో కొనేటప్పుడు మూడు పనిదినాల్లో ఎఫ్‌బీఐ తేల్చకపోతే షాపువాడు అమ్మేయొచ్చు. 2015లోనే చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకీ అలాగే దొరికింది. తనిఖీ తేలలేదు, మూడు రోజులు గడిచాయి, చేతికిచ్చేశారు.

ముక్కుసూటి:
ఒకే ఏడాది, ఒకే నెల కూడా. జూన్ 3న న్యూజెర్సీ, జూన్ 17న చార్ల్‌స్టన్. గడువు దాటితే ఆపడం ఒకచోట చంపింది, ఇచ్చేయడం ఇంకోచోట చంపింది. అందుకే అందరికీ ఒకే నియమం పెట్టను. చేతిలో కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నవాళ్ల దరఖాస్తు రెండు రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే తాత్కాలిక పర్మిట్ ఇచ్చేయాలి. వాళ్లెవరో, ఎవరి నుంచి ముప్పో కోర్టు అప్పటికే చూసింది కాబట్టి. మిగతావాళ్లకి తనిఖీ తేలేదాకా అమ్మకం లేదు. అయితే ఆ రక్షణ ఉత్తర్వు ఎవరి మీద ఉందో వాడి ఇంట్లో తుపాకులు అదే రోజు తీసేయాలి. కొట్టేవాడి చేతికి తుపాకీ అందితే ఆమె చచ్చే ముప్పు ఐదు రెట్లు పెరుగుతుందని 2003లోనే అధ్యయనం ఉంది.

స్వేచ్ఛాపక్షి:
రెండు రోజుల నియమం రాస్తే ఆ ఒక్క లైసెన్సుకి నా ఓటు. జాబితా మాత్రం ప్రభుత్వం దగ్గర ఉండకూడదు.

ఇంటిపేరులేదు:
జాబితా లేకుండా వాడి ఇంట్లో ఎన్ని తుపాకులున్నాయో పోలీసులకి ఎలా తెలుస్తుంది మరి?

స్వేచ్ఛాపక్షి:
భార్యని అడిగితే చెబుతుంది. ప్రభుత్వం కంటే ఆమెకే బాగా తెలుసు.

రాత్రిడ్యూటీ:
తెలిసినన్ని చెబుతుంది. దాచినవి కాదు.