సెట్ అయ్యిందా, కుదిరిందా?

‘సెట్’కి తెలుగు మాట ఏమిటని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఏ సెట్ అండీ? 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన ఎంట్రీ ఈ చిన్న క్రియదే. దాదాపు 430 అర్థాలు!

పుట్టుక చూస్తే కొంత దారి దొరుకుతుంది. పాత ఇంగ్లిష్‌లో ఇది ‘సిట్’కి ప్రేరణ రూపం. కూర్చుంటే సిట్, కూర్చోబెడితే సెట్. ఆ ‘బెట్టడం’లోనే మన ‘పెట్టు’ ఉంది చూశారా? అలారం పెట్టడం, నిప్పు పెట్టడం, ముహూర్తం పెట్టడం, పాలు తోడుపెట్టడం అన్నీ వాళ్లకి సెట్టే. అన్నం దగ్గర మాత్రం దారులు వేరయ్యాయి. వాళ్లు బల్ల మీద కంచాలు, స్పూన్లు సర్దడాన్నే సెట్ అంటారు. వడ్డించి ‘పెట్టడం’ మనదే.

టీ సెట్, నగల సెట్ అనేటప్పటి నామవాచకం మొదట్లో వేరే మాట. లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. మతశాఖను చెప్పే ‘సెక్ట్’ దానికి చుట్టం.

నాకు అసలు ఆసక్తి మన నోట్లో పడ్డ సెట్ మీద. ‘ఆ చొక్కా నీకు సెట్ అయ్యింది’, ‘సంబంధం సెట్ అయ్యింది’, ‘వాళ్లిద్దరికీ సెట్ అవ్వదు’. ఇంగ్లిష్‌వాళ్లు ఇక్కడ ఆ మాట వాడరు. ఇది మన ‘కుదురు’. ‘సెట్ చెయ్యి’ అంటే ‘కుదుర్చు’. పెట్టుకి జోడీగా ఉండాల్సిన మాటను తెచ్చి కుదురు స్థానంలో కూర్చోబెట్టాం.

— బాగుందండీ. కానీ విరిగిన ఎముకను సరిచేసి కట్టడాన్నీ వాళ్లు సెట్ అనే అంటారు, దాని సంగతో? అక్కడ ‘పెట్టు’ పనికిరాదుగా. మా చిత్తూరు వైపు పుత్తూరు కట్టు కట్టించుకున్నాం అంటాం గానీ, ఎముక పెట్టించుకున్నాం అనం.

— నిజమే, అక్కడ ‘కట్టు’ గెలిచింది. తమంతట జరిగేవాటికీ ‘పెట్టు’ చెల్లదు. పెరుగు తోడుకుంటుంది, సిమెంటు గట్టిపడుతుంది, పొద్దు గూకుతుంది. ఇంగ్లిష్‌లో మూడింటికీ సెట్టే.

— మరి వంట? ‘పులుసు భలే కుదిరింది’ అంటాం. ‘పులుసు సెట్ అయ్యింది’ అని మా ఇంట్లో పిల్లలు కూడా అనగా నేను వినలేదు. మీ ఇళ్లలో ఎవరైనా అంటున్నారా?