సిటీ బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తుండాలి?

కృష్ణలంక కుర్రాడు: మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. బెంజి సర్కిల్లో బస్సెక్కాలంటే కడ్డీ పట్టుకుని వేలాడాలి, వెనక నుంచి ఎవరో తొయ్యాలి. నిన్న టేపు పెట్టి కొలిచా. రోడ్డు నుంచి మొదటి మెట్టుకి 46 సెంటీమీటర్లు! దీనికి రూలేం లేదా? ఎలక్ట్రిక్ బస్సులొస్తే మారుతుందా?

పటమట అక్క: మీ అమ్మగారికి మెట్టైనా దొరికింది. జీరో టికెట్ వచ్చాక మాకు మెట్టు మీద కాలు పెట్టే చోటే లేదు.

బ్రాడీపేట 4వ లైను: రూలుంది. కేంద్రం వాళ్ల అర్బన్ బస్ స్పెసిఫికేషన్లలో ఫ్లోరు ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు రకాలు. 400 అంటే తలుపు దగ్గర మెట్టే ఉండదు. సిటీకి అదే కావాలి, అంతే.

ఆటోనగర్ ఫిట్టర్: అంతేనట! 22 ఏళ్లుగా బాడీలు కడుతున్నా బాబూ. ముందు ఇంజనుండే ఛాసిస్ అంటే లారీ ఫ్రేమే. దాని మీద ఫ్లోరు వేస్తే మీటరు దాటుతుంది. 400 రావాలంటే ఇంజను వెనక్కి పోవాలి, కమాన్లు, అంటే ఇనప పట్టీల స్ప్రింగులు పోయి, గాలి బెలూన్ల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్ రావాలి. రేటు తెలుసా?

బ్రాడీపేట 4వ లైను: నేను రేటు అడిగానా?

ఆటోనగర్ ఫిట్టర్: గట్టి వాన పడితే మీ 400 బస్సు పడవే.

బ్రాడీపేట 4వ లైను: నీళ్లు నిలిస్తే కాలవలు తవ్వాలి గానీ ముసలాళ్లని ఎత్తెక్కిస్తారా?

సింగ్‌నగర్ వాసి: 2024 బుడమేరు వరదలో మాకు నిజంగానే పడవలొచ్చాయి. ఆ ముచ్చట వద్దులెండి.

స్టీరింగ్ మనిషి: డ్రైవర్‌గా చెప్తున్నా. ఫుట్‌పాత్‌కి ఆనించి ఆపితే అర జానెడు పైనే కలిసొస్తుంది. ఆటోలు ఆననిస్తాయా? పైగా ఖాళీ బండికి కమాన్లు లేచి ఉంటాయి, జనం నిండితే కాస్త దిగుతుంది. తమ్ముడూ, ఎప్పుడు కొలిచావ్?

మూడు చక్రాలు: వచ్చింది ఆటోల మీదికి! మేం ఎక్కడ ఆపాలి, మీ నెత్తినా?

పటమట అక్క: బస్సులో ఎర్ర బటన్ మా బుడ్డోడు నొక్కాడు. ఏమీ మోగలేదేం?

ఆటోనగర్ ఫిట్టర్: అది ఏఐఎస్-140 అనే కేంద్రం ప్రమాణం ప్రకారం పెట్టిన ఆపద బటన్. బస్సులో మోగడానికి కాదు, కంట్రోల్ రూముకి కబురు పంపడానికి. పిల్లాడి చెయ్యి పట్టుకోండమ్మా. కృష్ణలంక తమ్ముడూ, ఎలక్ట్రిక్ అనగానే మురిసిపోకు, వాటిలోనూ 900 ఫ్లోరువి ఉన్నాయి. ముందు తలుపు దగ్గర మెట్లు లెక్కపెట్టు.

కృష్ణలంక కుర్రాడు: పొద్దున ఏడింటికి కొలిచానన్నా, ఖాళీ బండే. సాయంత్రం రద్దీలో మళ్లీ కొలుస్తా. నిన్ననే కండక్టరు "బస్సుకి చొక్కా కుట్టిస్తావా" అన్నాడు.