చర్చ: 2022-23 లీగ్ 2లో నాలుగో జట్టును కిందికి దింపింది ఎవరు?

గౌతమీతీరం:
ఫ్రాన్స్ ఫుట్‌బాల్ రెండో డివిజన్ అయిన లీగ్ 2ను నాలాగా రాత్రి పదిన్నరకు టీవీ ముందు కూర్చుని చూసే తెలుగువారు ఎందరున్నారో తెలియదు గానీ, ఉన్నవారిని ఒక మాట అడగాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. 2022-23 సీజన్‌లో పదిహేడో స్థానంలో నిలిచి కిందికి వెళ్లవలసిన ఆన్సీ చివరికి వెళ్లలేదు. తొమ్మిదో స్థానంలో నిశ్చింతగా ఉన్న సోషో వెళ్లిపోయింది. ముప్పై ఎనిమిది మ్యాచ్‌ల తరువాత మైదానంలో తేలవలసిన లెక్క కమిటీ గదుల్లో తేలింది. ఆ సీజన్‌ను అక్కడే ఉండి చూసినవారు తమ అనుభవం రాస్తే, నా మనసులోని చేదు న్యాయమైనదో కాదో తేల్చుకుంటాను.

లెక్కలమాస్టారు:
అనుభవాల కన్నా ముందు నియమం ఒకసారి చెప్పుకోవాలి, లేకపోతే ఆ ఏడు ఎందుకంత కరకుగా నడిచిందో అర్థం కాదు. 2023-24 నుంచి మొదటి డివిజన్ అయిన లీగ్ 1ను ఇరవై జట్ల నుంచి పద్దెనిమిదికి కుదించాలని నిర్ణయించారు. అందుకని 2022-23లో లీగ్ 1 నుంచి నాలుగు జట్లు దిగాయి (ఓసేర్, అజాక్సియో, త్రువా, ఆంజే), లీగ్ 2 నుంచి రెండే ఎక్కాయి. మామూలు సంవత్సరాల్లో మూడు, నాలుగు, ఐదు స్థానాల వారికి ప్లేఆఫ్ అనే రెండో తలుపు ఉంటుంది. ఆ ఏడు అది మూసేశారు. అడుగున రెండు, మూడు జట్లకు బదులు నాలుగు జట్లు మూడో డివిజన్ అయిన నాసియొనాల్‌కు వెళ్లాలి. అంటే మూడో స్థానానికి విలువ లేదు, పదిహేడో స్థానానికి రక్షణ లేదు. బోర్డో, ఆన్సీ ఈ రెండు చోట్లా చిక్కుకున్నాయి.

మెస్‌వాసి:
నేను అప్పట్లో మెస్ నగరంలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఊరి పేరు రాసేటప్పుడు చివర ‘జెడ్’ ఉన్నా పలికేది ‘మెస్’ అనే. ఇంటికి ఫోన్ చేసి “మెస్‌లో ఉన్నాను” అంటే “ఇంకా భోజనం అవలేదా” అని మా అమ్మ అడిగేది.

ఆ జట్టును నడిపించిన కోచ్ లాస్లో బోలోని. 1986లో స్టేవా బుకరెస్ట్‌తో యూరోపియన్ కప్పు గెలిచిన ఆటగాడు ఆయన. ఆ సీజన్ మధ్యలోనే డెబ్బై ఏళ్లు నిండాయి. ముందు వరుసలో జార్జెస్ మికౌతాద్జే ఉన్నాడు. ల్యోఁలో పుట్టి జార్జియా తరఫున ఆడే ఈ కుర్రవాడు ఆ ఏడు లీగ్ 2లో 23 గోల్స్‌తో అందరికన్నా పైన నిలిచాడు. అతని ఆటలో నాకు నచ్చింది వేగం కాదు. డిఫెండర్ ఎటు వాలుతాడో చూసేవరకు ఆగి, ఆ తరువాత రెండో వైపుకు తిరగడం నచ్చింది. స్టాండ్‌లో నా పక్కన కూర్చునే పెద్దాయన అతని కాలికి బంతి తగలగానే మాట్లాడటం ఆపేసేవారు.

2023 జూన్ 2, శుక్రవారం రాత్రి సేంట్ సింఫోరియన్ మైదానంలో బస్తియా మీద మ్యాచ్. మాకూ బోర్డోకూ సమానంగా 69 పాయింట్లు, గోల్ తేడాలో మేము ముందు. కాబట్టి గెలిస్తే చాలు అన్నది అందరికీ తెలుసు. అయినా స్టాండ్‌లో సగం మంది బంతిని చూడకుండా బోర్డో సంగతి కోసం ఫోన్లు చూసుకుంటూ ఉన్నారు. కొంతసేపటికి “అక్కడ మ్యాచ్ ఆగిపోయింది” అన్న మాట వరుస నుంచి వరుసకు పాకింది. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. వర్షం అన్నారు ఒకరు. మేము 3-2తో గెలిచి పైకి ఎక్కాము.

గారోన్ గట్టు:
మెస్‌వాసి గారికి కబురు ఫోన్‌లో వచ్చింది, నేను ఆ రాత్రి బోర్డో మైదానంలోనే ఉన్నాను. స్టేడియం నిండిపోయింది. ఏడాది ముందు డబ్బు లెక్కలు సరిగా లేవని మా క్లబ్బును నేరుగా నాసియొనాల్‌కు పంపేయబోయి, చివరి నిమిషంలో ఒప్పందం కుదిరి లీగ్ 2లో ఉంచారు. కాబట్టి ఒక్క సీజన్‌లో తిరిగి పైకి చేరడం మాకు గర్వంతో పాటు అప్పుల సమస్య కూడా.

ఇరవై రెండో నిమిషంలో ప్రత్యర్థి రొదెజ్ ఆటగాడు లుకా బుయాదెస్ గోల్ వేశాడు. దక్షిణ స్టాండ్ ముందు అతను సంబరపడుతుండగా ఒక అభిమాని మైదానంలోకి దూకి అతన్ని తోసేశాడు. అతను కింద పడ్డాడు, తలకు దెబ్బ తగిలిందన్నారు. జట్లు లోపలికి వెళ్లిపోయాయి. మేము గంటకు పైగా కూర్చున్నాము. ఎవరూ అరవలేదు, ఎవరూ లేవలేదు. చివరకు మ్యాచ్ రద్దయిందని ప్రకటించారు.

క్రమశిక్షణ కమిటీ ఆ మ్యాచ్‌ను బోర్డో ఓడినట్టు తీర్మానించింది, పైగా తరువాతి సీజన్‌కు ఒక పాయింటు కోత వేసింది. ఒక మనిషి చేసిన పనికి నలభై వేల మందిని శిక్షించారన్న కోపం నాకు చాలాకాలం ఉండేది. ఇప్పుడు నెమ్మదిగా ఆలోచిస్తే మరొకటి తోస్తుంది. మెస్ గెలిచిన రాత్రి మేము గెలిచినా పాయింట్లు సమానమయ్యేవి, గోల్ తేడా దాటాలంటే మామూలు గెలుపు చాలదు. అందువల్ల ఆ తోపు మా ప్రమోషన్‌ను పోగొట్టిందని నిజాయితీగా అనలేను. అది మా మీద పడలేదు. మాకు ఏ సంబంధమూ లేని, ఆల్ప్స్ పర్వతాల దగ్గరి ఊరి మీద పడింది.

సరస్సు పక్కింటివాడు:
ఆ ఊరు మాది. గారోన్ గట్టు గారు ఆ ఒక్క వాక్యం రాసినందుకు కృతజ్ఞతలు, ఎందుకంటే బోర్డో వైపు నుంచి ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు.

ఆన్సీ 2022లోనే నాసియొనాల్ నుంచి పైకి వచ్చిన చిన్న క్లబ్బు. ఆ తరువాతి సీజన్‌లోనే, 2023 మార్చి 1న, ఫ్రెంచ్ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో లీగ్ 1 జట్టు మార్సేను వాళ్ల వెలోద్రోమ్ మైదానంలోనే ఓడించింది. 2-2 తరువాత పెనాల్టీ షూటౌట్‌లో 7-6. సెమీఫైనల్‌లో తులూజ్ చేతిలో 2-1తో ఓడాము, ఆ తులూజ్ ఆ ఏడు కప్పు గెలిచింది. అంత దూరం వెళ్లిన జట్టు లీగ్ పట్టికలో అడుగున వేలాడుతోందన్న సంగతి మాకే నమ్మశక్యంగా ఉండేది కాదు. కప్పు మ్యాచ్‌ల బరువు కాళ్ల మీద మిగిలిపోయిందని నా అభిప్రాయం.

రొదెజ్ ఓడితే మేము నిలిచేవాళ్లం. కమిటీ రొదెజ్‌కు గెలుపు ఇవ్వడంతో వాళ్లు మా పైకి వెళ్లారు. ఇరవై రెండు నిమిషాలే ఆడిన మ్యాచ్‌కు మూడు పాయింట్లు. దెబ్బ తగిలినది రొదెజ్ ఆటగాడికి కాబట్టి వాళ్లను మళ్లీ ఆడమనడం కూడా అన్యాయమే అని ఒప్పుకుంటాను. ఒప్పుకున్నంత మాత్రాన ఆ వారం నిద్ర పట్టలేదు.

ఓడరేవు:
విశాఖలో పుట్టి లె ఆవ్ర్ రేవులో పనిచేస్తున్నవాడిని కనుక ఛాంపియన్ల గురించి ఎవరూ రాయకపోవడం చూసి ఊరుకోలేకపోతున్నాను. మా జట్టు 75 పాయింట్లతో పట్టిక పైన నిలిచింది. ముప్పై ఎనిమిది మ్యాచ్‌లలో మూడే ఓటములు, పదిహేను డ్రాలు, పడనిచ్చినవి కేవలం 19 గోల్స్, వేసినవి 46. కోచ్ లుకా ఎల్స్నర్ కట్టిన ఆ గోడను చూసి ప్రత్యర్థుల ఊర్లలో ఆవలించారని విన్నాను. ఆవలించనివ్వండి. 1872లో పుట్టినట్టు చెప్పుకునే క్లబ్బు, పొగ్బా, మహ్రెజ్ వంటి ఆటగాళ్లు ఒకప్పుడు నడిచిన క్లబ్బు, 2009 నుంచి పద్నాలుగు సీజన్లు కింద ఉండిపోయింది. చివరి రాత్రి దిజోఁ మీద 1-0. ఇంకెలా గెలుస్తాము మేము! ఆ రాత్రి దిజోఁ కూడా నీమ్, నియోర్‌లతో పాటు కిందికి వెళ్లే జాబితాలో మిగిలింది.

పాతబస్తీ బ్యాక్:
హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసి పెరిగినవాడిగా ఒక సందేహం. మన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో అప్పట్లో అడుగున నిలిచినా మరుసటి ఏడు అక్కడే ఆడేవారు. అలాంటిది తొమ్మిదో స్థానంలో ఉన్న సోషోను ఎలా దింపగలిగారు?

లెక్కలమాస్టారు:
ఫ్రాన్స్‌లో డీఎన్‌సీజీ అనే ఆర్థిక పర్యవేక్షణ సంస్థ ప్రతి వేసవిలో క్లబ్బుల బడ్జెట్ పరిశీలిస్తుంది. రాబోయే సీజన్ జీతాలకు, అప్పులకు హామీ చూపించలేకపోతే జట్టును ఒక మెట్టు దింపే అధికారం దానికి ఉంది. మైదానంలో ఎన్ని పాయింట్లు ఉన్నా అది చూడదు. సోషో 1928లో ప్యూజో కార్ల కర్మాగారం నీడలో పుట్టింది, తరువాత చైనా యాజమాన్యం చేతికి వెళ్లింది. 2023 వేసవిలో ఆ యాజమాన్యం హామీ ఇవ్వలేకపోయింది. అభిమానులు, స్థానిక పెట్టుబడిదారులు కలిసి క్లబ్బును బతికించుకున్నారు గానీ నాసియొనాల్‌లో ఆడవలసివచ్చింది. ఖాళీ అయిన ఆ స్థానం పదిహేడో స్థానంలోని ఆన్సీకి దక్కింది.

సేంతెతియెన్ సంగతీ కలుపుతాను. 2022 మేలో ఓసేర్ మీద ప్లేఆఫ్ ఓడిన రాత్రి జరిగిన గొడవకు వాళ్లు మైనస్ మూడు పాయింట్లతో ఆ సీజన్ మొదలుపెట్టారు. పదిసార్లు ఫ్రాన్స్ ఛాంపియన్ అయిన క్లబ్బు శీతాకాలంలో పట్టిక అడుగున ఉండి, జనవరిలో స్ట్రైకర్ గాయెతాన్ షార్బోనియే వచ్చాక లేచి ఎనిమిదో స్థానం చేరింది. వాళ్ల కోత ఆట మొదలవకముందే తెలుసు, సరిచేసుకోవడానికి ముప్పై ఎనిమిది మ్యాచ్‌లు దొరికాయి. ఆన్సీకి ఒక్క మ్యాచ్ కూడా దొరకలేదు. గౌతమీతీరం గారి చేదుకు న్యాయం అక్కడ ఉందని నా లెక్క.

గౌతమీతీరం:
ఒప్పుకున్నాను, మాస్టారూ. అయితే గారోన్ గట్టు గారిని చూస్తే నా చేదు చిన్నదే అనిపిస్తోంది. వాళ్ల క్లబ్బు 2024 జులైలో ప్రొఫెషనల్ హోదానే వదులుకుని నాలుగో డివిజన్‌కు వెళ్లిందని చదివిన రోజు, 2023 జూన్ రాత్రి ఆ నిశ్శబ్దమే గుర్తుకు వచ్చింది.

సరస్సు పక్కింటివాడు:
నా సంగతి ఒకటి మిగిలింది. జూన్‌లో మేము దిగిపోయామని అనుకుని సీజన్ టికెట్ తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను. సోషో వార్త వచ్చాక వెళ్లి తీసుకున్నాను. సంతోషపడటానికి సిగ్గుపడుతూనే తీసుకున్నాను, ఎందుకంటే నా ఆఫీసులో ఎదురుబల్ల మీద కూర్చునే ఆయనది సోషో. ఆ వారమంతా ఆయన ముందు ఫుట్‌బాల్ మాట ఎత్తలేదు. తరువాత ఆయనే “మా సీటు జాగ్రత్తగా చూసుకో” అన్నారు.