ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే సీపాప్ మెషీన్‌కి వాసన పట్టకుండా ఎలా?

పొగ తాగేవాళ్లున్న ఇంట్లో సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా ప్రెషర్‌తో గాలి పంపే మెషీన్) వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే సలహా కావాలి. సమస్య ఫిల్టర్‌ది. నెల రోజులు రావాల్సిన తెల్లటి సన్న ఫిల్టర్ వారానికే పసుపుపచ్చగా మారుతోంది. మార్చినా మాస్కులో వాసన పోవడం లేదు. ఫిల్టర్ పొగలోని రేణువుల్ని కొంతవరకే ఆపుతుంది, వాసన తెచ్చే వాయువుల్ని అసలు ఆపదు కాబట్టి అది అర్థమవుతూనే ఉంది.

ఇప్పటికే చేస్తున్నవి: మాస్కు కుషన్ (ముఖానికి ఆనే సిలికాన్ భాగం) రోజూ, ట్యూబు వారానికోసారి గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బుతో కడగడం, గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్‌లో రోజూ కొత్త డిస్టిల్డ్ వాటర్, మెషీన్ గాలి పీల్చుకునే వైపు గోడకు ఆనకుండా పెట్టడం. సిలికాన్‌కి ఒకసారి వాసన పడితే కడిగినా వదలదు, కుషన్ మార్చాల్సిందే అనిపిస్తోంది. ఓజోన్ గ్యాస్‌తో మాస్కు, ట్యూబు శుభ్రం చేసే క్లీనర్ల జోలికి మాత్రం పోదలచుకోలేదు. ఆ గ్యాస్ ట్యూబులో మిగిలితే ఊపిరితిత్తులకే చేటు.

అడగాలనుకున్నవి ఇవీ. రెండు ఫిల్టర్లు ఒకదానిమీద ఒకటి పెడితే గాలి అడ్డుపడి మోటారు మీద భారం పడుతుందా? 1.8 మీటర్ల ట్యూబు తీసేసి 3 మీటర్లది వేసి, మెషీన్‌ని కిటికీ పక్కకు జరిపితే మాస్కు దగ్గర ప్రెషర్ తగ్గుతుందా, లేక సెట్టింగులో ట్యూబు రకం మారిస్తే చాలా? పడకగదిలో హెపా (సన్నటి రేణువుల్ని పట్టే ఫిల్టర్) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టాలంటే కార్బన్ పొర ఎంత మందం ఉంటే వాసనకి పనిచేస్తుంది? పల్చటి నల్ల జాలీ ఉన్నవి కంటితుడుపే అనుకుంటున్నా.

“బయటికెళ్లి తాగమనండి” అన్న మాట ఇంట్లో రోజూ నడుస్తూనే ఉంది, అది తప్ప ఏదైనా చెప్పండి.