సమస్యాపూరణం: “ఉతుకని వస్త్రమ్మె మిగుల నుత్తమము గదా!”

ఉదయసముద్రం (నల్లగొండ):
మా మేనల్లుడు పోయిన నెల రా డెనిమ్ (కుట్టాక ఒక్కసారీ ఉతకకుండా అమ్మే గుడ్డ) జీన్సు కొనుక్కొచ్చాడు. అట్టలా దానంతట అదే గోడకానుకొని నిలబడుతోంది. మా అక్క బకెట్లో వేయబోతే “ఆర్నెల్లు నీళ్లు తగలొద్దమ్మా” అని లాక్కున్నాడు. ఇంట్లో మూడు రోజులు అదే పంచాయితీ. అందులోంచి పుట్టిందీ కంద పాదం. మిగతా మూడు పాదాలూ మీవి. ప్రాస ‘త’, మొదటి అక్షరం లఘువు. పై పాదంతో అతుకు పడడానికి ‘నుతుకని’, ‘యుతుకని’ అని మార్చుకోవచ్చు. పూరణ మాత్రం జీన్సు దాటి పోకూడదు.

కృష్ణాతీరం (మక్తల్):
మేనల్లుడి పక్షాన నేను.

కతలిక వలదమ్మా! నీ
వుతికిన నీలిమ కరుగుచు నుప్పెన పాఱున్;
సతతముఁ దొడిగిన నింపగు
నుతుకని వస్త్రమ్మె మిగుల నుత్తమము గదా!

ప్రాసపంతులు (మిర్యాలగూడ):
‘నీ’ అని పాదం చివర ఆపి ‘వుతికిన’ అని ఎత్తుకోవడం బాగుంది, తల్లి మాటకు కొడుకు అడ్డొచ్చినట్టే ఉంది. యతి ఉ–ఉ సరిపోయింది. ‘ఇంపగు’ ఒక్కటే పేలవం. ఏ ఇంపు? తొడల మీద పిల్లిమీసాల్లా వచ్చే తెల్లచారలా, మోకాలి వెనక తేనెపట్టు గీతలా? కళ్లకు కట్టలేదు.

పుట్టపాక మగ్గం:
నాకు గణాలు రావు గానీ ఒక్క మాట. ‘కరుగుచు’ అన్నది తప్పు. నీలి రంగు నీళ్లల్ల కరగది. కరగదు గనుకనే తొట్టిల దాని రూపు మార్చి అద్దాలె. తొట్టిల ఉన్నంతసేపు నూలు పసుపు పసుపుగ, ఆకుపచ్చగ కనిపిస్తది. బయటికి తీసి గాలి తాకిందో లేదో నీలమైతది. జీన్సుకు పడుగు (నిలువు) పోగులను తాడు లెక్క జమచేసి, ముంచుడు, గాలికి తీసుడు, మళ్ల ముంచుడు. రంగు పోగు మీదనే పొరలు పొరలుగ కూసుంటది, లోపల నడుమ తెల్లగనే ఉంటది. పేక (అడ్డం పోగు) అయితే అసలే తెల్లది. అందుకే రాపిడి తగిలిన కాడ పొర లేచిపోయి తెలుపు బయటపడ్తది. మేం ఇక్కత్ చీరకు ఒక్క చుక్క రంగు పోవద్దని పానం పెడ్తం. తేలియా రుమాలు నూలునైతే నూనెల, ఆముదపు కాయల బూడిద నీళ్లల్ల నానవెట్టి నానవెట్టి ఎరుపు పట్టిస్తం. వీళ్లేమో రంగు పోవాలనే పైసలిస్తరు!

ప్రాసపంతులు:
మగ్గమన్నా, గణాలు రావంటూనే పద్యాన్ని దిద్దావు. ‘కరుగుచు’ తీసేసి ‘తొలగుచు’ పెడితే సరి. రెండూ నలమే (నాలుగు లఘువుల గణం), ఛందస్సుకు ఢోకా లేదు.

క్లాక్ టవర్ కుట్టుమిషన్ (మహబూబ్‌నగర్):
మా దుకాణానికి ఏడుస్తూ వచ్చిన ఒకాయన కథ ఇది.

జతగా నొప్పిన జీన్సది
మితిమీఱిన వేడి నీట మిక్కిలి ముడిగెన్;
సుతునకుఁ దగుఁ గాని తనకు
నుతుకని వస్త్రమ్మె మిగుల నుత్తమము గదా!

ప్రాసపంతులు:
భేష్! ‘తనకున్’ మీది ద్రుతం (చివరి ‘న్’) వచ్చి ‘నుతుకని’ని పట్టుకుంది. సమస్య ఇచ్చినాయన కూడా ఇంత సుతారమైన అతుకు ఊహించి ఉండడు. అర్థం కూడా మారిపోయింది. లోకానికి కాదు, ఆ ఒక్క మనిషికే ఉతకనిది ఉత్తమం. కానీ అన్ని జీన్సులూ ఇలా కుదించుకుపోతాయా?

క్లాక్ టవర్ కుట్టుమిషన్:
పోవు సార్. ఇప్పుడు వచ్చేవాటిలో చాలామట్టుకు మిల్లులోనే కుదించి పంపుతారు. శాన్‌ఫరైజ్ అంటారు, 1930లో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికా ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి. అలాంటిది నూటికి ఒకటి నుంచి మూడు వంతులు తగ్గుతుంది. మగ్గం దిగింది దిగినట్టు కుట్టినదైతే పదో వంతు దాకా పోవచ్చు, అదీ నడుము కంటే పొడవే ఎక్కువ. నడుము తొడిగితే మళ్లీ కొంత సాగుతుంది, పొడవు పోతే పోయినట్టే. ఆయన కొన్నరోజే కాలి అంచు కత్తిరించి కుట్టించుకున్నాడు, తర్వాత మరిగే నీళ్లలో వేశాడు. ముందు నానబెట్టి, ఆరాక నా దగ్గరికి రావాలి కదా!

డిండి గట్టు (దేవరకొండ):
మొదటిసారి రాస్తున్నా, తిట్టొద్దు.

నూతన జీన్సును గొని నే
చేతుల నుప్పును గలిపితిఁ జెంబెడు నీటన్;
నీతిగ రంగది నిలువక
యుతుకని వస్త్రమ్మె మిగుల నుత్తమము గదా!

ప్రాసపంతులు:
తిట్టను తమ్మీ. గణాలు ఎక్కడా తప్పలేదు, చే–జె యతి కూడా కుదిరింది. తొలి పద్యానికి అది చిన్న విషయం కాదు. కానీ నూ, చే, నీ గురువులు, సమస్యలో ‘ఉ’ లఘువు. ప్రాసకు ముందక్షరం నాలుగు పాదాల్లోనూ ఒకే తీరుగా ఉండాలి. ‘నీతిగ’ ప్రాస కోసం ఈడ్చుకొచ్చిన పదం, రంగుకు నీతేమిటి? చెంబెడు నీళ్లలో జీన్సు తడుస్తుందా అన్నది నీకే వదిలేస్తున్నా. నీ ఊహతోనే ఇలా అల్లాను:

గతనెలలోఁ గొన్నదొకటి
ప్రతిసారియు నుప్పుఁ గలుప రంగేమాయెన్?
మతికిపుడు తోచె నరయఁగ
నుతుకని వస్త్రమ్మె మిగుల నుత్తమము గదా!

రెండో పాదంలో ప్ర–ర సంయుక్తాక్షర యతి.

పుట్టపాక మగ్గం:
ఉప్పు ముచ్చట నిజమే. కొన్ని రకాల రంగులకు అద్దకం తొట్టిల ఉప్పు వడ్తది, నూలు రంగును పీల్చుకోవడానికి. అద్దినంక నీలికి ఉప్పేసినా, సిరకా (వెనిగర్) పోసినా పట్టు పెరగది.

గద్వాల కోడలు:
అందరూ జీన్సు తొడుక్కున్నోళ్ల బాధే రాస్తున్నరు. పక్కన కూసున్నోళ్ల సంగతి?

సతి ముక్కును మూసి నిలువఁ
బతి చెంతకు రాఁగ భయము, పైఁబడుఁ గంపున్;
బ్రతిమాలుచు నతఁడు పలికె
నుతుకని వస్త్రమ్మె మిగుల నుత్తమము గదా!

కంపు పోతదని జీన్సును ఫ్రిజ్‌ల, పెరుగు గిన్నె పక్కన పెట్టిండు మా ఆయన. గిన్నె పారబోసిన.

ఉదయసముద్రం:
ఈ వారం పీట గద్వాలక్కకే. మొదటి ముగ్గురూ సమస్యను నిజం చేయాలని చూశారు, ఈమె దాన్ని ఆ మగడి నోట్లో పెట్టి వదిలేసింది. ఫ్రిజ్ సంగతి: చలికి సూక్ష్మక్రిములు చాలావరకు చావవు, నిద్రపోతాయి. ఒంటి వేడి తగలగానే లేస్తాయి.

ఉతకడం ఆలస్యం చేయడంలో మాత్రం కొంత న్యాయముంది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. తొడిగిన మనిషి ఎలా కూర్చుంటే, ఎలా నడిస్తే అలా మడతలు గట్టిపడి, ఆ మడతల మీదే రంగు అరుగుతుంది. తొందరపడి ఉతికితే గంజి పోతుంది, రంగు అంతటా సమంగా వెలుస్తుంది. అలాగని కంపు కొట్టేదాకా ఆగక్కర్లేదు. మా అక్క నిన్న మేనల్లుడు కాలేజీకి పోయిన సమయం చూసి లోపలిది బయటికి తిప్పి, చల్లనీళ్లలో కొంచెం సబ్బుపొడితో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసింది. వాడు వచ్చి చూసి కిక్కురుమనలేదు, మడతలు అలాగే ఉన్నాయి మరి.

అదే బకెట్లో అడుగున నా పంచె ఉందని ఆమె చూసుకోలేదు. వచ్చే వారం సమస్య, ప్రాస ‘ల్ల’:

తెల్లని పంచెకు మఱకయె తేజంబయ్యెన్!